పనిమీది ప్రీతి వేతనమగునా?

2025 ఆగస్టు నెలలో హైదరాబాదునందు తెలుగు చలనచిత్రముల నిర్మాణము 18 దినములపాటు నిలిచిపోయెను. దీపములు మోయువారు, సెట్లు కట్టు వడ్రంగులు, రంగులు వేయువారు, దుస్తులు సిద్ధపరచువారు, బండ్లు నడుపువారు, వంట చేయువారు, నృత్యబృందములవారు, గుంపులో నిలబడు చిన్నవేషముల వారు, ఇట్లు 24 శాఖలుగా లెక్కించబడు కార్మికులు తమ కూలిని 30 శాతము పెంచవలెనని కోరిరి. మూడేండ్లకొకమారు కూలి సవరించుట ఆ పరిశ్రమలో వాడుకగా వచ్చుచున్నది. అంత పెంపు తాము భరింపలేమని నిర్మాతలు చెప్పిరి. ఆగస్టు 4వ తేదీన ఆగిన పని, తెలంగాణ ప్రభుత్వపు కార్మికశాఖ మధ్యవర్తిత్వమున 21వ తేదీన ఒప్పందము కుదిరిన పిదపగాని మరల మొదలు కాలేదు. తక్కువ కూలి పొందువారికి మూడేండ్లలో విడతలుగా 22.5 శాతము, వారికంటె ఎక్కువ పొందువారికి అంతకు కొంత తగ్గించి పెంచుటకు ఉభయులును సమ్మతించిరి.

సమ్మె ముగిసినది. నిలిచిన చిత్రములు పూర్తియై తెరమీదికి వచ్చినవి. పత్రికలు వేరు వార్తలకు మరలినవి. కాని ఆ 18 దినములలో లేచిన ప్రశ్న యొకటి ముగియలేదు. ఇట్టి తగవు వచ్చినప్పుడెల్ల రెండు మాటలు వినవచ్చును. “కళమీది మక్కువతో వచ్చినవారికి రూకల లెక్క యేల? సినిమాలో పనిచేయుటయే యొక భాగ్యము కాదా?” అనునది మొదటిది. “మక్కువ యనునది యజమానులు అల్లిన మాట, పని యనగా కూలియే, మరేమియు కాదు” అనునది రెండవది. మొదటి మాట కార్మికుని కడుపును మరచినది. రెండవ మాట అతని మనస్సును మరచినది. ఈ రెంటికిని నడుమ సత్యమెక్కడ నున్నదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కొండకర్లకు దీనితో నేమి పని?

హైదరాబాదు తగవుతో కొండకర్లవంటి యూరి పాఠశాలకు సంబంధమేమని పాఠకులడుగవచ్చును. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురము మండలములోని యీ గ్రామము తన ఆవవలన పేరుగాంచినది. ఆంధ్రప్రదేశములోని మంచినీటి సరస్సులలో కొల్లేటి తరువాత దీనినే పెద్దదిగా చెప్పుదురు. శీతకాలమున దూరదేశపు పక్షులు వచ్చి యిందు విడియును. రెండు తాటిదోనెలను జతగా కట్టి, చూడవచ్చినవారిని ఆవలో త్రిప్పి తీసికొనివచ్చు దోనెవాండ్రు ఇచ్చట కలరు. నీటిని, తుంగను, పక్షుల రాకపోకలను ఎరిగియుండుటయే వారి విద్య. ఒకవిధముగా చూచినచో వారిదియును వినోదమునకు సంబంధించిన వృత్తియే.

కొద్దిమైళ్ళ దూరమున అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలియున్నది. అందులో మందుల కర్మాగారములును, వేలకొలది స్త్రీలు దుస్తులు కుట్టు కర్మాగారమును ఉన్నవి. ఒక దిక్కున అనకాపల్లి బెల్లపు మార్కెట్టు, మరొక దిక్కున విశాఖపట్టణము. పదవ తరగతి ముగించిన బాలునికో బాలికకో కంటికి కనబడు త్రోవలివి. వీనికి తోడు నేడు మరొక త్రోవ చేతిలోని ఫోనునుండి పిలుచుచున్నది. వార్షికోత్సవమున చక్కగా పాడిన బాలిక, నాటకమునకు తెర వ్రాసిన బాలుడు, ఫోనుతోనే చిన్నచిత్రములు తీసి కూర్చుచున్న పిల్లవాడు, వీరు ఏదో యొకనాడు ఉపాధ్యాయుని సమీపించి “మాష్టారూ, నేను సినిమా పనిలోనికి పోవచ్చునా?” అని యడుగక మానరు.

ఆ ప్రశ్నకు మన బడులలో సామాన్యముగా రెండు సమాధానములు లభించును. ఒకటి మందలింపు, రెండవది చప్పట్లు. మందలించినవారు పిల్లవాని ప్రీతిని గుర్తింపరు. చప్పట్లు కొట్టినవారు ఆ ప్రీతికి లోకమున జరుగు బేరమును తెలుపరు. దుస్తుల కర్మాగారములో చేరు యువతితో “నీవు కుట్టుపనిమీది మక్కువతో వచ్చితివి గదా, కూలి మాట యెత్తవచ్చునా?” అని యెవరును అనరు. సినిమా పనివానితో అనుటకు మాత్రము జంకరు. ఈ తేడా యెందులకు? దీనికి సమాధానము కొంత చరిత్రలో దొరకును.

సురభి చెప్పు పాఠము

పనిమీది ప్రీతి కల్పన కాదనుటకు తెలుగునాట సురభిని మించిన నిదర్శనము లేదు. 1885వ సంవత్సరమున కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాటకముతో ఈ సమాజమునకు అంకురార్పణ చేసిరి. అంతకుముందు ఆ కుటుంబములవారు తోలుబొమ్మలాడించువారు. బొమ్మను విడిచి తామే రంగమెక్కినప్పుడు వారు తమ యిండ్లలోని స్త్రీలచేతనే స్త్రీపాత్రలు ధరింపజేసిరి. పురుషులు చీర కట్టి స్త్రీవేషము వేయుట వాడుకయైన ఆ దినములలో అది సాహసకార్యము. కుటుంబములు పెరిగినకొలది సమాజములును పెరిగి, పదులసంఖ్యలో శాఖలై ఆంధ్రదేశమంతయు తిరిగినవి. వానిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో మన ఉత్తరాంధ్రలోని జిమిడిపేటలో స్థాపింపబడినది. దానిని బహుకాలము నడపిన, బాబ్జీ యను పేర ప్రసిద్ధులైన ఆర్. నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ బిరుదము లభించినది.

సురభివారి ‘మాయాబజారు’, ‘పాతాళభైరవి’ చూచినవారు తీగెలపై సాగు యుద్ధములను, క్షణములో మారు తెరలను మరువజాలరు. సాయంకాలము రాజు వేషము వేసినవాడే ఉదయమున గుడారపు త్రాళ్ళు బిగించును. తల్లి రంగముపై నుండగా పసిబిడ్డ తెరవెనుక నిద్రించును. నాలుగేండ్లకు ఆ బిడ్డయే ప్రహ్లాదుడో కృష్ణుడో యగును. ఇట్టి జీవితమును కేవలము కూలికొరకు ఎవడును వరింపడు. సినిమా ప్రబలిన పిదప సమాజములు తగ్గిపోయి నేడు కొలదిగా మాత్రమే మిగిలినను, ఆ కుటుంబములవారు హైదరాబాదులోని శేరిలింగంపల్లిలో నివసించుచు ఆటలు ఆడుచునేయున్నారు. 1996 ప్రాంతమున కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వారితో కొత్త నాటకములను సిద్ధపరచినప్పుడు, శతాబ్దమునకు మించిన వయసుగల సమాజము మరల విద్యార్థి యయ్యెను.

అయితే ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. సురభిలో ‘మనమందరము ఒక కుటుంబము’ అను మాట అలంకారము కాదు, యథార్థము. ఆట బాగుగా నడచిన యూరిలో అందరును తినిరి. వాన వచ్చి గుడారము తడిసిన యూరిలో అందరును పస్తులుండిరి. కష్టమునందును లాభమునందును ఒకే లెక్క. నేడు పెద్ద వినోదసంస్థలు తమ పనివారిని చూచి ఇదే మాట యనును. ఆ మాట నిజమా కాదా యని తెలిసికొనుటకు మార్గము సులభము. కష్టకాలములో త్యాగము కోరిన సంస్థ లాభకాలములో పంపకము చేసినదా యని చూడవలెను. పస్తులలో మాత్రమే కుటుంబమై, విందులో పరాయివారైనచో అది కుటుంబము కాదు.

చందమామ నీడలో

తెలుగువారు నడపిన పెద్ద వినోదసంస్థలలో విజయా–వాహినికి సాటి యరుదు. బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మదరాసులోని వడపళనిలో నడపిన ఆ సంస్థనుండి 1951లో ‘పాతాళభైరవి’, 1955లో ‘మిస్సమ్మ’, 1957లో ‘మాయాబజార్’ వెలువడినవి. నటులను, సాంకేతికులను నెలజీతముపై నియమించి, కార్యాలయములో వలె వేళకు రప్పించి పనిచేయించుట వారి పద్ధతి. ‘మాయాబజార్’ నిర్మాణమున దీపములవారు, వడ్రంగులు, రంగులవారు మొదలుగా సుమారు నాలుగువందలమంది స్టూడియో పనివారు పాలుగొనిరని సినిమా చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తామై ఎగిరిపోవుట చూచి మూడు తరములవారు నవ్విరి. ఆ లడ్డూలను ఎగిరించిన చేతుల పేర్లు మనకు తెలియవు.

1947 జులైలో ఆ సంస్థవారే ‘చందమామ’ను ప్రారంభించిరి. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఆ పత్రికను పరిచయము చేయనక్కరలేదు. దానిలో పనిచేసినవారిని తలచుకొన్నచో పనిమీది ప్రీతి యనగా నేమో తెలియును. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని నడచు బొమ్మను గీసిన శంకర్ 1952లో చేరి ఆరు దశాబ్దములపాటు ఆ పత్రికకే బొమ్మలు గీచెను. 2021లో, మరణానంతరము, ఆయనకు పద్మశ్రీ ప్రకటింపబడినది. ఇక వడ్డాది పాపయ్యగారు మనవారే. శ్రీకాకుళమున పుట్టి, అనకాపల్లి సమీపమున కశింకోటలో స్థిరపడి, 1992లో కన్నుమూసిన ఆ చిత్రకారుడు ‘వ.పా.’ అను రెండక్షరముల సంతకముతో చందమామ ముఖపత్రములకు దేవలోకపు రంగులు తెచ్చెను. కొండకర్ల పిల్లలకు ‘కళాకారుడు’ అనగా దూరపు నగరమువాడని తోచినప్పుడు, కశింకోట యెంత దగ్గరనున్నదో గుర్తు చేయవచ్చును.

ఆ పత్రికలో మరి ఇద్దరు కలరు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో మరణించువరకు చందమామ సంపాదకత్వపు భారమును వహించిరి. అయినను సంపాదకునిగా వారి పేరు పత్రికపై అచ్చు కాలేదు. ‘తోకచుక్క’ మొదలుగాగల ధారావాహికలు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరును ఆ కథల క్రింద కానరాదు. తరములకొలది పిల్లలు నెల యెప్పుడు మారునాయని యెదురుచూచుచు ఆ కథలు చదివిరి. వ్రాసిన వానిని మాత్రము ఎరుగరు. ఆ రచయితలు పనిని ప్రేమించిరనుటకు వారి దీర్ఘకాలపు శ్రమయే సాక్ష్యము. నెలకు జీతము ముట్టినది. ఇది తక్కువ మాట కాదు. చుట్టును గల రచయితలలో పెక్కురకు అదియైనను లేదు. కాని పేరు లేదు. వ్రాసినదానిపై హక్కు లేదు.

సంస్థ వర్ధిల్లుచున్నన్నాళ్ళు ఈ లోటు కనబడలేదు. 1998లో యాజమాన్యమునకును కార్మికులకును తగవు వచ్చి చందమామ కొంతకాలము ఆగిపోయెను. మరుసటి యేడు మరల వెలువడెను. 2007లో అధికభాగము ముంబయిలోని యొక సాఫ్ట్‌వేరు కంపెనీ చేతిలోనికి పోయెను. కొన్నేండ్లకే పత్రిక నిలిచిపోయెను. వాహినీ స్టూడియో నెలకొనియున్న స్థలములో నేడు ఆసుపత్రియు, వ్యాపార సముదాయమును ఉన్నవి. సంస్థలు పుట్టును, గిట్టును. అందులో వింత లేదు. అయితే సంస్థ పోయిన తరువాత పనివానికి మిగులునదేమి? చేతిలోని నేర్పు మిగులును. పేరున్నచో పేరు మిగులును. హక్కున్నచో హక్కు మిగులును. మిగిలిన రెండును లేనివానికి జ్ఞాపకము మాత్రమే మిగులును. కావున వేతనముతోబాటు పేరును, హక్కును అడుగుట అత్యాశ కాదు.

హక్కు విషయమున చట్టము కొంత కదలినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ఉద్యోగములో నుండి చేసిన రచనకు, వేరు ఒప్పందము లేనిచో, యజమానియే మొదటి హక్కుదారు. 2012లో జరిగిన సవరణవలన, సినిమాలోని పాటలను వ్రాసినవారును స్వరపరచినవారును తమ రాయల్టీ హక్కును నిర్మాతకు పూర్తిగా వదలుకొనుట చెల్లదని నిర్ణయింపబడినది. గీతకర్తకు దొరికిన ఈ రక్షణ తెర వ్రాయువానికి, దీపము మోయువానికి వర్తింపదు. వానికి ఉన్నదెల్ల ఆనాటి కూలియే. కావుననే వాడు కూలికై అంత పట్టుదలతో నిలబడును.

సముద్రములకావల

ఇది మనయింటి తగవు మాత్రమే కాదు. అమెరికాలో వాల్ట్ డిస్నీ సంస్థ 1937లో ‘స్నో వైట్’ అను బొమ్మల చిత్రముతో లోకమును మురిపించెను. ఆ బొమ్మలను గీసినవారు తమ పనిని ప్రాణముగా చూచుకొన్నవారు. కాని పేరుపొందిన చిత్రకారుల జీతమునకును, క్రిందివరుసలో సిరా దిద్ది రంగులు నింపు యువతుల జీతమునకును ఎంతో అంతరముండెను. 1941 మే నెలలో వందలాది పనివారు సమ్మె చేసిరి. వారితో నిలిచినవారిలో ఆర్ట్ బాబిట్ అను చిత్రకారుడు సంస్థలో మిక్కిలి హెచ్చు జీతము పొందువారిలో నొకడు. తన కడుపు నిండినను తోడివారికొరకు ఆయన వీధిలో నిలబడెను. సమ్మెదారులు తాము రోజూ గీయు బొమ్మలనే ప్లకార్డులపై గీసికొని తిరిగిరి. దీనిని గూర్చి విద్యార్థులు కొంచెము ఆలోచింపవలెను. పనిమీద విసుగుపుట్టినవాడు ఆ పనినే పతాకగా ఎత్తుకొనడు. వారు పనిని ద్వేషించి బయటికి రాలేదు; దానిలో నిలిచియుండుటకే బయటికి వచ్చిరి. తుదకు సంస్థ వారి సంఘమును గుర్తింపవలసివచ్చెను.

అదే సంస్థవారి వినోదవనములలో టిక్కెట్లు చింపువారిని, వీధులూడ్చువారిని సైతము ‘పాత్రధారులు’ అని పిలుచుట వాడుక. మాట అందమైనది, దానివలన పనివానికి గౌరవమును కలుగును. కాని 2024 మే నెలలో, కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో మిక్కీ మొదలగు వేషములు ధరించువారును, ఊరేగింపులలో నడచువారును, సుమారు 1,700 మంది, సంఘముగా నేర్పడుటకు ఓటు వేసిరి. అదే సంవత్సరము జులైలో అచ్చటి వేలాది యితర పనివారు సమ్మెకు సిద్ధపడిన పిదప గంటకు కనీసము 24 డాలర్ల కూలికి ఒప్పందము కుదిరినది. 2023లో అమెరికా సినిమా రచయితలు 148 దినములును, నటులు 118 దినములును పని నిలిపివేసిరి. కృత్రిమ మేధ తమ పనిని, తమ ముఖమును, తమ గొంతును అనుమతి లేక వాడుకొనరాదనునది వారి కోర్కెలలో ముఖ్యమైనది.

మరొక యుదాహరణము మనకు మరింత దగ్గరది. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రములోని పెద్దపులిని కంప్యూటరుపై సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోను శాఖ యుండెను. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కారు బహుమతి వచ్చెను. అదే నెలలో ఆ సంస్థ దివాలా ప్రకటించెను. లోపల బహుమతి యిచ్చుచుండగా వెలుపల వీధిలో ఆ వృత్తివారు నిరసన తెలుపుచుండిరి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కూలిపోయినప్పుడు బెంగుళూరులో వేలాది యువకులు ఒక్కమారుగా పని గోల్పోయిరి. కేంద్రప్రభుత్వము 2022లో యానిమేషను, గేమింగు రంగముల అభివృద్ధికై ప్రత్యేక బృందమును ప్రకటించినది. ఈ చదువులను గూర్చిన ప్రకటనలు నేడు పల్లెల గోడలమీదికిని వచ్చుచున్నవి. ఆ ప్రకటనలలో పులి బొమ్మ యుండును గాని దివాలా మాట యుండదు.

ప్రీతికి కట్టబడు మూల్యము

ఈ విషయమును పండితులు పరిశోధించియున్నారు. 2009లో బండర్సన్, థాంప్సన్ అను ఇద్దరు అమెరికను విద్వాంసులు జంతుప్రదర్శనశాలల పాలకులను గూర్చి యొక పరిశోధన ప్రకటించిరి. తమ పనిని దైవదత్తమైన కర్తవ్యముగా భావించు పాలకులు ఎక్కువ తృప్తితో నుండిరి. కాని వారే తక్కువ జీతమునకు, ఎక్కువ గంటలకు, ఎక్కువ కష్టమునకు సమ్మతించిరి. యజమానులు దానిని దుర్వినియోగపరచుటకును వారే ఎక్కువ గురియగు స్థితిలో నుండిరి. ప్రీతి రెండంచుల కత్తియని వారి నిర్ణయము. 2020లో ప్రకటింపబడిన మరొక పరిశోధనలో మరింత విచిత్రమైన సంగతి బయటపడినది. ఒకడు పనిని ప్రేమించుచున్నాడని తెలిసినంతనే, వానిచేత అదనపు పని ఊరక చేయించుకొనుట తప్పు కాదని చూచువారికి తోచును. అనగా దోషము యజమానియందు మాత్రమే లేదు. చూచు మనయందును ఉన్నది. “వానికి ఇష్టమే గదా!” అని మనము అనుకొన్న క్షణమునందే వాని కూలిలో కొంత కోత పడుచున్నది.

నిర్మాతల వాదమును త్రోసిపుచ్చుటయు న్యాయము కాదు. తీసిన చిత్రములలో పెక్కులు నష్టపడునవే. చిన్న నిర్మాత అప్పు తెచ్చి ఇల్లు తాకట్టు పెట్టి చిత్రము తీయును. పెద్ద చిత్రమునకును చిన్న చిత్రమునకును ఒకే కూలి యనుట అతనికి భారము. దీనికి వేరు వేరు మెట్లు ఏర్పరచుకొనవచ్చును. కాని “పరిశ్రమ నష్టములో నున్నది, మీరును కొంత త్యాగము చేయుడు” అను మాటకు ఒక సమాధానము కలదు. చిత్రము వందల కోట్లు ఆర్జించినప్పుడు దినకూలి వానికి పంచిపెట్టుట లేదు. లాభములో పాలు లేనివానిని నష్టములో పాలు పంచుకొమ్మనుట ఏ లెక్కప్రకారమును సరికాదు. ప్రముఖ నటుల పారితోషికములు కోట్లలో నుండగా, పొదుపు మాట దీపము మోయువానితో మొదలు పెట్టుట మరింత వింత.

ఒప్పందము లేని పనిలో ప్రమాదమును కార్మికునిదే యగును. 2020 ఫిబ్రవరిలో చెన్నై సమీపమున ఒక చిత్రీకరణస్థలములో క్రేను కూలి ముగ్గురు మరణించిరి. అదే సంవత్సరము కరోనా వచ్చి చిత్రీకరణలు నిలిచినప్పుడు తెలుగు సినిమా కార్మికుల యిండ్లలో పొయ్యి వెలుగుట కష్టమయ్యెను. నటుడు చిరంజీవిగారి ఆధ్వర్యమున కరోనా క్రైసిస్ ఛారిటీ ఏర్పడి వారికి నిత్యావసర వస్తువులను పంచెను. ఆ యౌదార్యము ప్రశంసింపదగినది. అయినను, ఏండ్లకొలది పనిచేసినవాడు కొన్ని నెలలు పని ఆగినంతనే బియ్యపు సంచికై ఎదురుచూడవలసివచ్చెననిన, అంతకుముందే ఏదో లోపమున్నదని గ్రహింపవలెను.

1981లోనే పార్లమెంటు సినిమా కార్మికుల చట్టమును చేసి, వ్రాతపూర్వకమైన ఒప్పందము లేక కార్మికుని నియమింపరాదని విధించినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో దృశ్యశ్రవణ కార్మికులను గూర్చిన నిబంధనలును చేరియున్నవి. నియామకపత్రము ఇయ్యవలెననియు, అధికకాలపు పనికి రెట్టింపు కూలి చెల్లింపవలెననియు అవి చెప్పుచున్నవి. ఈ స్మృతులలోని ఇతర విషయములపై కార్మికసంఘములకు అభ్యంతరములు లేకపోలేదు. ఏమైనను చట్టము పుస్తకములో నున్నంత మాత్రమున కార్మికుని చేతికి కాగితము రాదు. అడుగువాడుండవలెను, అడుగుటకు తనకు హక్కున్నదని వాడెరిగియుండవలెను. ఆ యెరుక కలిగించుట పాఠశాల పని.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఇంతవరకు సినిమావారిని గూర్చి చదివిన ఉపాధ్యాయమిత్రులు తమ స్థితిని తలచుకొనకపోరు. బోధన ‘పవిత్రవృత్తి’ యని వేదికలపై విననివారెవరు? అది అసత్యము కాదు. పిల్లవాడు మొదటిసారి వాక్యము తప్పులేక వ్రాసినప్పుడు కలుగు సంతోషమును ఏ జీతమును కొనలేదు. కాని కరోనాకాలమున ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు జీతములు లేక కూరగాయలమ్ముకొని బ్రతికిన దినములను మనము చూచితిమి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొనవలసివచ్చెను. పవిత్రత అంగడిలో చెల్లలేదు. కావున దీపము మోయువాని తగవు ఉపాధ్యాయుని తగవునకు దూరపు చుట్టము కాదు. రెండును ఒకే యింటివి.

మరి ఆ పిల్లవానికి ఏమి చెప్పవలెను? వాని ప్రీతిని చిన్నబుచ్చరాదు. పాపయ్యగారి చేతిలో కుంచె నిలిపినది ఆ ప్రీతియే. అయితే ప్రీతితోబాటు ఒక లెక్కను నేర్పవలెను. ఒకనికి దినమునకు 1,400 రూపాయల కూలి యనుకొందము. నెలలో 12 దినములే పని దొరికినచో వచ్చునది 16,800. మరియొకనికి దినమునకు 700 రూపాయలే. కాని 26 దినములు పని యున్నచో 18,200. పెద్ద కూలి యేదో చిన్న కూలి యేదో, దినములు తెలిసిననేగాని తెలియదు. తరగతిలో ఈ లెక్కను వేయించిన గణితోపాధ్యాయుడు ఉపన్యాసము చెప్పినవానికన్న ఎక్కువ మేలు చేసినవాడగును.

పిదప కొన్ని ప్రశ్నలను వానికి అందించి పంపవలెను. నాకిచ్చు కాగితములో ఏమి వ్రాసియున్నది? పని ఆగిన నెలలో నాకేమి దొరకును? దెబ్బ తగిలినచో వైద్యము ఎవరిది? నేను చేసినదానిపై నా పేరుండునా? నాతోబాటు అడుగుటకు తోడివారెవరైనను సంఘముగా నున్నారా? ఈ ప్రశ్నలడుగుటవలన కళ మైలపడదు. అడిగినవారే సురభిలో నూటనలుబదియేండ్లు నిలిచిరని చెప్పలేము గాని, అడుగనవసరములేని సమానత్వము అచ్చట ఉండెనని మాత్రము చెప్పవచ్చును. ఆ సమానత్వము లేనిచోట అడుగక తప్పదు.

ఆవలో దోనె నడుపువాడు పక్షులను ప్రేమించును. ఏ గుంపు ఏ మాసమున వచ్చునో, ఏ తుంగలో గూడు కట్టునో వాడు సంతోషముతో చెప్పును. ఆ సంతోషమును చూచి, దోనె దిగినవారెవరును “నీకు ఇష్టమైన పనియే గదా” యని కిరాయి ఎగవేయరు. చెప్పిన మాటలకు సంతసించి, కిరాయి చేతిలో పెట్టి, పైన ఒక నమస్కారము చేసి పోవుదురు. ఈ మర్యాదను మన పల్లె ఎరుగును. పెద్ద నగరములలోని పెద్ద సంస్థలకు దీనినే చట్టముగా, ఒప్పందముగా, సంఘబలముగా నేర్పవలసియున్నది. 2025 ఆగస్టులో 18 దినములపాటు హైదరాబాదులో జరిగినది ఆ పాఠములో ఒక పుట. తక్కిన పుటలు నేడు మన తరగతిగదులలో కూర్చున్నవారు వ్రాయవలసినవి.